నలభై ఒకటో నిమిషం

గ్రంథాలయం కింది గదిలో నా కొలువు.
కిటికీ ఎక్కితే కొండ కనిపిస్తుంది,
ఎక్కే తీరిక లేదు.
పన్నెండు వందల అరవై మూడు ఉపన్యాసాలు,
టేపు చుట్టల్లో.
దుమ్ము తుడవాలి, తిప్పాలి, కంప్యూటర్లోకి ఎక్కించాలి,
రొద గీకి పారేయాలి.
గంటకింత అని లెక్క. కాంట్రాక్టు మార్చితో సరి.

కొన్ని చుట్టలు పులిసిన దోసెపిండి వాసనేస్తాయి.
వాటిని ముందు వినాలి,
ఆట్టే రోజులు ఉండవు.

ఎనభై మూడు, మే నెల, శనివారం సాయంత్రం.
అట్ట మీద వంకాయరంగు సిరా:
ఆచార్య రంగమన్నారు, చెరువు శాసనాల్లో వాడుక మాటలు,
రెండు వైపులు.

రాగిచెంబులోంచి నీళ్ళు వంచినట్టు ఆయన గొంతు.
పంకా మూడు చుట్లకోసారి కిర్రుమంటుంది.
ఎవరో దగ్గారు. కుర్చీ ఈడ్చారు.
సాఫ్ట్‌వేరు పంకాని పట్టుకుంది, దగ్గుని పట్టుకుంది,
తీసేయనా అంది.
తీసెయ్ అన్నాను.

నలభయ్యో నిమిషంలో ఆయన ఒక మాట దగ్గర ఆగారు.
రాతి మీద నాలుగక్షరాలు, రెండు పెచ్చులూడినవి.
ఏ నిఘంటువులోనూ లేదు, అన్నారు.
ఇరవయ్యేళ్ళుగా వెతుకుతున్నాను, అన్నారు.
చెక్కినవాడు తప్పు చెక్కి ఉంటాడు.
సభ నవ్వింది.

అప్పుడు, మైకుకి చాలా దూరంలో,
పళ్ళెంలో గ్లాసులు పెట్టిన చప్పుడు.

"తప్పు గాదు సామీ.
మా తట్టు ఇప్పటికీ అంటారు దాన్ని.
తూము మూసేటప్పుడు, బురద కొట్టకముందు,
అడుగున తొక్కతారే గడ్డిచుట్ట,
దాన్ని..."

అని ఆ మాట అన్నాడు.
సరిగ్గా అప్పుడే రోడ్డు మీద
అలిపిరి బస్సు హారన్ కొట్టింది.

తర్వాత పదకొండు సెకన్లు ఎవరూ ఏమీ అనలేదు.
పంకా కూడా కిర్రుమన్నట్టు లేదు.
(నేనే తీసేశాను గదా.)
అప్పుడు ఆచార్యులు, పుస్తకాల గొంతు వదిలేసి:
"ఏదీ, ఇంకోసారి చెప్పు నాయనా."
టక్.
ఒక వైపు అయిపోయింది.

రెండో వైపు చప్పట్లతో మొదలవుతుంది.
వందన సమర్పణలో తొమ్మిది మంది పేర్లు,
మైకు అద్దెకిచ్చిన షాపుతో సహా.

మూడు రోజులు ఆ హారన్ విన్నాను.
సాగదీసి, వంచి, తలకిందులు చేసి.
మొదటి అక్షరం మ కావచ్చు, బ కావచ్చు.
ఆ మూడు రోజులు బిల్లులో రాసుకోలేదు.

రిటైరైన సూపర్‌వైజర్ గజపతి గారు
చెవిలో వేలు తిప్పుకుంటూ గుర్తుచేసుకున్నారు:
"నీళ్ళిచ్చేవాడా? మొగిలప్ప. లేకపోతే వాడి తమ్ముడు.
పాకాల పక్క ఊరు. ఎప్పుడో పోయినాడు."

ఆదివారం పాకాల బస్సెక్కాను.
చెరువులో ప్లాట్ల రాళ్ళు, వాటికి పసుపు రంగు.
తూముకి ఇనప షట్టరు.
కట్ట మీద మేకల్ని తోలుకుపోయే ముసలామె, పేరు కుప్పమ్మ,
నేనడిగింది రెండుసార్లు విని అంది:
"గడ్డిచుట్టనా? గడ్డిచుట్టే అంటాము."
నాలుగడుగులేసి వెనక్కి తిరిగింది.
"మా మామ ఏందో అంటా ఉండె.
షట్టరొచ్చినంక దాంతో పనేముంది?
పనిలేని మాట నోట్లో ఎందుకుంటాది!"

వివరాల పట్టీలో గళ్ళు ఇవి:
వక్త, అంశం, తేదీ, నిడివి, భాష.
నీళ్ళిచ్చినవాడికి గడి లేదు.
నిడివి పక్కన చిన్నగా ఇరికించాను,
నలభై ఒకటో నిమిషం, మొగిలప్ప, లేదా తమ్ముడు.

సాఫ్ట్‌వేరు మళ్ళీ అడిగింది,
వాహనం హారన్, తీసేయనా.
వద్దన్నాను.
హారన్ని ఒలిస్తే మాట కూడా ఊడొస్తుంది,
రెండూ ఒకే తోలు.

ఎవరైనా ఈ ఉపన్యాసం వింటే
అక్కడ చెవులు మూసుకుంటారు.
మూసుకోకండి.